వీధికి చెవులు

జూన్ 3

చెల్లాయికి,

ఇక్కడ నేనూ మీ వదినా కులాసా. నీ మోకాలి నొప్పి తగ్గిందనుకుంటాను. ఊరందరి ఎముకలూ అతికించే డాక్టరువి, నీ మోకాలు మాత్రం ఎవరికీ చూపించవు. కాబట్టి అనుకోవడం తప్ప నేను చేయగలిగింది లేదు.

ఫోన్ చెయ్యకూడదా అని మళ్ళీ దెప్పావు. టెలిఫోన్ ఇంజనీరుగా ముప్ఫై ఆరేళ్ళు జనం "హలో, హలో" అని అరిచే అరుపులు విన్నాను. ఇక నా జన్మలో ఆ మాట వినదలచుకోలేదు. ఉత్తరమే హాయి. మధ్యలో ఎవరూ అడ్డురారు.

అసలు సంగతికొస్తాను. మా వీధి మొదట్లో దర్జీ కొట్టు ఆవిడ నీకు గుర్తుండాలి, నీ తెల్లకోటుకి జేబులు కుట్టిపెట్టింది. పోయిన గురువారం సాయంత్రం ఆవిడ కొట్టు షట్టరు దించుతుంటే ఎవడో కత్తితో పొడిచాడు. పోటు భుజంలో దిగింది. ప్రాణానికి ముప్పు తప్పింది. వీధంతా హడలిపోయింది.

వెంటనే మా వీధిలోని పళ్ళ డాక్టరు గారు తన క్లినిక్ హాల్లో అందరినీ సమావేశపరిచారు. "పోలీసుల కోసం ఎదురుచూసే రోజులు పోయాయి. సైన్సు మన చేతుల్లో ఉంది. మనల్ని మనమే కాపాడుకోవాలి" అన్నారు. ఏం మాట్లాడారనుకున్నావు! అక్కడికక్కడే 'పౌర విజ్ఞాన రక్షణ సమితి' పుట్టింది. ఆయన అధ్యక్షుడు, నేను సాంకేతిక కార్యదర్శిని. స్తంభాలకి మైకులు పెడతాం. ఎక్కడ ప్రాణభయంతో కేక వినిపించినా మిషన్ పసిగట్టి సైరన్ మోగిస్తుంది. అందరి ఫోన్లూ ఒకేసారి మోగుతాయి. (నాది తప్ప.)

మూడో రోజున పోలీసులు నిందితుణ్ణి పట్టుకున్నారు. తీరా చూస్తే ఆవిడ మొగుడే. విడిగా ఉంటున్నాడట, ఆరు నెలలుగా కొట్టు ముందు నిలబడి తిడుతున్నాడట. "అయితే ఇక మిషన్ ఎందుకు?" అని ఒకరిద్దరు నసిగారు. అధ్యక్షుల వారు చెయ్యెత్తి, "అది వాళ్ళ ఇంటి గొడవండీ. మన సమితి అసలైన నేరాల కోసం" అన్నారు. అందరికీ ప్రాణం లేచొచ్చింది. మైకులు అప్పటికే ఆర్డరిచ్చేశాం మరి.

నీ
అన్నయ్య, సాంకేతిక కార్యదర్శి


జూన్ 12

అన్నయ్యా,

పదవి వచ్చినందుకు అభినందనలు. ఇంట్లో వదిన ఇంకా నిన్ను మామూలు మనిషిలాగే చూస్తోందా?

ఒక్క సంగతి అర్థం కాలేదు. ఆరు నెలలు ఒకడు వీధి మొదట్లో నిలబడి భార్యని తిడుతుంటే, ఎదురుగా బార్బర్ షాపు, పక్కన నువ్వు రోజూ పేపరు కొనే బడ్డీ, అటువైపు బ్యాంకు. ఇంతమందిలో ఒక్కరికీ వినపడలేదా? మైకులు సరే. ముందు నువ్వు నీ చెవులు పరీక్ష చేయించుకో.

ఇంతకీ దర్జీ ఆవిడని చూడ్డానికి సమితి తరఫున ఎవరైనా వెళ్ళారా?

నీ మోకాలి నొప్పి చెల్లెలు


జూన్ 26

చెల్లాయీ,

నీ మాట కొట్టెయ్యలేక చెవుల డాక్టరు దగ్గరికి వెళ్ళాను. నా వినికిడి ముప్ఫై ఏళ్ళవాడి వినికిడిలా ఉందన్నాడు. రిపోర్టు కాపీ జతచేస్తున్నాను. నా ఆరోగ్యం మీద నీకింత శ్రద్ధ ఉన్నందుకు కళ్ళు చెమర్చాయి.

దర్జీ ఆవిడ దగ్గరికి మీ వదిన వెళ్ళి వస్తోంది. సమితి తరఫున మేం తీర్మానం చేశాం.

ఇక్కడ పని జోరుగా సాగుతోంది. మిషన్‌కి ముందు కేకలు నేర్పాలి. పిల్లలకి అక్షరాలు దిద్దించినట్టు, "ఇదుగో, ఇది ప్రాణభయం, ఇది ఉత్త గోల" అని నమూనాలు వినిపించాలి. అందుకని ఆదివారం బడి హాల్లో వీధివాళ్ళందరి చేతా కేకలు వేయించి రికార్డు చేశాను. ఎంత కష్టమనుకున్నావు! మర్యాదస్తులకి అరవడం రాదు. బ్యాంకు గుమాస్తా ఎవరినో క్షమించమని అడుగుతున్నట్టు అరిచాడు. రిటైర్డ్ హెడ్మాస్టరు గారు "రక్షించండి!" అని ఒత్తు ఎక్కడా జారకుండా స్పష్టంగా ఉచ్చరించారు. బార్బరు నోరు తెరిస్తే నవ్వు తప్ప రాలేదు. మీ వదిన, "నాకు అరవాల్సి వచ్చినప్పుడు అరుస్తాను, మీరు చెప్పినప్పుడు కాదు" అని కూర్చుంది. పదిమందిలో నాకు తలవంపులు.

చివరికి సమితిని ఆదుకున్నది అధ్యక్షుల వారి భార్య. బళ్ళో లెక్కల టీచరు, మెత్తటి మనిషి, ఎదురుపడితే గోడవారగా తప్పుకుంటుంది. "మా ఆవిడ కూడా అరుస్తుంది, రా" అని ఆయనే చెయ్యి పట్టుకుని మైకు దగ్గరికి తెచ్చారు. ఆవిడ కాసేపు నేల చూసింది. కళ్ళు మూసుకుంది. అప్పుడు అరిచింది చెల్లాయీ, నా మీటరు ముల్లు చివరికి కొట్టుకుని అక్కడే ఆగిపోయింది. హాలంతా గప్‌చిప్. అధ్యక్షుల వారే నవ్వి, "చూశారా, ఇంట్లో నాకు రోజూ ఇదే సంగీతం" అన్నారు. దాంతో అందరం నవ్వుకుని తేలికపడ్డాం.

ఆ కేకనే మిషన్‌కి ప్రధాన నమూనాగా పెట్టాను. అంత స్వచ్ఛమైన సిగ్నల్ నా సర్వీసులో చూడలేదు.

అన్నయ్య


జూలై 5

అన్నయ్యా,

నీ చెవుల రిపోర్టు చూశాను. చెవులు బాగానే ఉన్నాయి. అదే నా బాధ.

ఆ టీచరు గారికి అంత బాగా అరవడం ఎలా వచ్చిందో ఎవరైనా ఆలోచించారా? అరిచాక ఆవిడ ఏం చేసింది? మీతోపాటు నవ్విందా? ఈ ఎండల్లో కూడా మణికట్టు దాకా చేతులున్న బట్టలేసుకుంటుందా? ఈ మధ్య ఎక్కడైనా పడిందా?

నాకు త్వరగా జవాబు రాయి.

చెల్లి


జూలై 20

చెల్లాయీ,

ఇంత దూరం నుంచి ఎలా కనిపెట్టావే! ఆవిడ నిజంగానే పోయిన వారం బాత్రూంలో జారిపడింది. ఎడమ చెయ్యి విరిగి కట్టు కట్టారు. డాక్టరు చెల్లెలున్న గొప్పతనం ఇదీ అని అందరితో చెప్పుకున్నాను. నీ ఉత్తరంలో భావం గ్రహించి, జారకుండా ఉండే రబ్బరు చాపలు రెండు కొని వాళ్ళింటికి పట్టుకెళ్ళాను. అధ్యక్షుల వారు చాలా సంతోషించారు. ఆవిడ చాపల వంకా నా వంకా మార్చి మార్చి చూసి, "మీ అభిమానం" అంది. పొడుగు చేతుల బట్టలే వేసుకుంటుంది, నువ్వన్నది నిజం. సుద్దపొడి పడదేమో.

మిషన్ పదో తారీఖున మొదలైంది. మొదటి రోజుల్లో కొంచెం తలనొప్పి పెట్టింది. బడి గంటకి మోగింది. బార్బర్ షాపు రేడియోలో ఒక గాయకుడికి మోగింది. హెడ్మాస్టరు గారు తుమ్మితే వీధంతా కర్రలతో పరిగెత్తుకొచ్చింది. ఒకటొకటిగా సరిచేశాను. ఒక్కటే మొండికేసింది. అధ్యక్షుల వారి ఇంటి ముందున్న స్తంభం! సాయంత్రం క్లినిక్ కట్టేసి ఆయన ఇంటికెళ్ళిన కాసేపటికి మోగుతుంది. అందరం పరిగెడతాం. ఆయనే తలుపు తీసి, "ఏం లేదండీ, మీ మిషన్‌కి మా ఇల్లంటే ప్రేమ" అని నవ్వుతారు. మేం సిగ్గుపడి వెనక్కొస్తాం. రోజు విడిచి రోజు ఇదే వరస.

అత్యవసర సమావేశం పెట్టి లోపం కనిపెట్టాం. మిషన్ ఆవిడ కేకతో నేర్చుకుంది కదా, ఆ గొంతుకి మరిగింది. ఆవిడ గట్టిగా దగ్గినా ప్రాణభయం అనుకుంటోంది! అధ్యక్షుల వారి సూచన మీద ఆవిడ నమూనా తీసేసి హెడ్మాస్టరు గారిది పెట్టాను. ఇళ్ళలోపలి శబ్దాలు పట్టకుండా మైకులు కిందికి వంచాను. ఆ అలారాల రికార్డింగులు కూడా, 'వ్యక్తిగత గోప్యత' దృష్ట్యా, తీర్మానం ప్రకారం చెరిపేశాను. వినకుండానే చెరిపాను. మనకి ఆ సంస్కారం ఉంది.

అన్నయ్య


జూలై 27

అన్నయ్యా,

ఇక డొంకతిరుగుడు లేకుండా రాస్తాను.

రబ్బరు చాపలు పనిచెయ్యవు. ఆ మనిషి భార్యని కొడుతున్నాడు. నువ్వు తయారుచేసిన మిషన్ బ్రహ్మాండంగా పనిచేసింది. ఆ వీధిలో నిజం చెప్పింది అదొక్కటే. దాని నోరు నువ్వే నొక్కేశావు.

జారిపడి చేతులు విరగ్గొట్టుకున్నవాళ్ళని రోజూ చూస్తాను. వాళ్ళు ఎలా పడ్డారో గడగడా చెప్పుకుపోతారు. పక్కన మొగుణ్ణి పెట్టుకుని, అతను చెబుతుంటే తల ఊపేవాళ్ళని కూడా చూస్తాను. నా మాట తప్పయితే నీ కాళ్ళు పట్టుకుంటాను. కాకపోతే మాత్రం ఊరుకోను.

ఈ ఉత్తరం వదినకి చదివి వినిపించు. ఒక్క ముక్క వదలకుండా.

చెల్లి


ఆగస్టు 9

చెల్లాయీ,

నీ ఉత్తరం నన్ను నొప్పించింది. పళ్ళ డాక్టరు గారు పెద్దమనిషి. నా దవడపన్ను పీకినప్పుడు చీమ కుట్టినట్టయినా లేదు. అంత మెత్తటి చెయ్యి ఆయనది. అలాంటి చెయ్యి గురించి నువ్వలా రాయడం ఏమీ బాగాలేదు. ఆసుపత్రిలో రోజూ చెడే చూసి చూసి నీకు లోకమంతా కట్లు కట్టుకుని కనిపిస్తోంది. కొన్నాళ్ళు సెలవు పెట్టు.

నమూనా మార్చినప్పటి నుంచి మిషన్ ఒక్కసారి కూడా మోగలేదు. ఒక్కసారి కూడా! నేరాలు సున్నా. ఈ వార్త పక్క వీధులకి పాకి, వాళ్ళూ సమితులు పెట్టుకుంటున్నారు. వచ్చే నెల మొదట్లో మునిసిపల్ సభ్యుడి సమక్షంలో ప్రదర్శన. పత్రికవాళ్ళు వస్తారు. స్తంభం మీద పెద్ద దీపాల బోర్డు పెడుతున్నాం. మామూలప్పుడు 'అంతా క్షేమం' అని పచ్చగా వెలుగుతుంది, కేక వినగానే ఎర్రగా మారుతుంది.

నీ ఉత్తరం మీ వదినకి చదివి వినిపించాను, నువ్వు చెప్పావని. విని, లేచి చెప్పులేసుకుని వెళ్ళిపోయింది. ఆ రోజు నుంచి ఒక చోద్యం జరుగుతోంది. రోజూ సాయంత్రం ఆ టీచరు దగ్గరికి లెక్కలు నేర్చుకోవడానికి పోతోంది! అరవయ్యో ఏట! పళ్ళ డాక్టరు గారు క్లినిక్ కట్టేసే వేళకి వెళ్ళి, ఆయన భోంచేసి పడుకునేదాకా అక్కడే కూర్చుంటుంది. ఏం నేర్చుకున్నావని అడిగితే "భిన్నాలు" అంటుంది. నాకు చల్లారిన అన్నం.

అధ్యక్షుల వారు కూడా, "మీ ఆవిడకి చదువు మీద ఇంత మోజేమిటండీ" అన్నారు. మొహం మాత్రం నవ్వలేదు.

అన్నయ్య


ఆగస్టు 16

అన్నయ్యా,

వదిన భిన్నాలు నేర్చుకోనివ్వు. ఆపితే నా మీద ఒట్టే. చల్లారిన అన్నం వేడి చేసుకోవడం పెద్ద సైన్సేం కాదు.

మా ఇంట్లో పైగది ఖాళీ చేయించానని వదినకి చెప్పు. ఎప్పుడొచ్చినా ఫరవాలేదు, ఎన్నాళ్ళున్నా ఫరవాలేదు. ఇంతే చెప్పు, తనకి అర్థమవుతుంది.

చెల్లి


ఆగస్టు 24

చెల్లాయీ,

నీకు నేనేం ద్రోహం చేశాను? సొంత అన్న కాపురం కూల్చడానికి ఎలా మనసొప్పింది?

నీ మాట చెప్పగానే మీ వదిన మొహం వెలిగిపోయింది. నాకు అనుమానమొచ్చి, తను లేనప్పుడు వెతికితే మంచం కింద సర్దిన పెట్టె కనిపించింది. అందులో అన్నీ కొత్త బట్టలు. దర్జీ ఆవిడ కుట్టిందట. కొలతలు చూస్తే మీ వదినలో సగానికి సరిపోతాయి. ఈ వయసులో సన్నబడి, నన్నొదిలి, మీ పైగదిలో ఉండాలని ఎందుకనిపించింది తనకి? సమితి పనిలో పడి పట్టించుకోలేదన్నది నిజమే. ప్రదర్శన అయ్యాక పదవికి రాజీనామా చేస్తానని చెప్పు. నేనడిగితే, "మీరు మంచివారే, కాస్త ఆగండి" అంది. అంతకంటే తిట్టినా బాగుండేది.

నిద్ర పట్టడం లేదు.

అన్నయ్య


ఆగస్టు 31

పిచ్చి అన్నయ్యా,

వదిన నాకు విడిగా ఉత్తరం రాసింది. ఆ పెట్టె తనది కాదు. ఆ బట్టలు ఎవరి కొలతకి సరిపోతాయో ప్రదర్శన నాడు ముందు వరసలో కూర్చుని చూడు.

నీ కాపురానికొచ్చిన లోటేమీ లేదు. వదిన నిన్ను వదిలిపెట్టేదయితే నువ్వు మైకులు ఆర్డరిచ్చిన రోజే వదిలేసేది.

చెల్లి


సెప్టెంబరు 6

చెల్లాయీ,

టాక్సీ మీ ఊరు చేరే ఉంటుంది. అయినా ఇక్కడ జరిగింది నా చేత్తో రాయాలి.

బడి ఆవరణలో కుర్చీలు, బోర్డు, పూలదండలు. మునిసిపల్ సభ్యుడు వచ్చాడు. హెడ్మాస్టరు గారు "రక్షించండి!" అన్నారు. బోర్డు ఎర్రబడింది, సైరన్ మోగింది, చప్పట్లు. ఆ తర్వాత నెల రోజుల లెక్కలు చదవమని అధ్యక్షుల వారు భార్యకి కాగితం ఇచ్చారు. లెక్కల టీచరు చెబితే నమ్మకంగా ఉంటుందని ఆయన ఆలోచన.

ఆవిడ మైకు ముందు నిలబడి కళ్ళజోడు సర్దుకుంది. బళ్ళో పాఠం చెప్పే గొంతుతో, "ఈ నెల రోజుల్లో మన వీధిలో నేరాలు సున్నా అని ఇందులో ఉంది. ఈ లెక్క తప్పు. మా ఇంట్లోవి కలపలేదు" అంది. ఎవరో నవ్వారు, చమత్కారం అనుకుని. "మా ఆయన నన్ను కొడతారు. నా చెయ్యి విరిగింది బాత్రూంలో కాదు, హాల్లో. ఆ రోజు మీరంతా మా గుమ్మం దాకా వచ్చారు. నేను తలుపు వెనకే ఉన్నాను" అంది.

గొంతు కొంచెం కూడా పెంచలేదు. ఆవిడ తల మీదుగా బోర్డు పచ్చగా వెలుగుతూనే ఉంది. 'అంతా క్షేమం.'

ఆ క్షణంలో అక్కడున్న పెద్దమనుషులు ఏం చేశారో రాస్తాను. మునిసిపల్ సభ్యుడు గడియారం చూసుకున్నాడు. బ్యాంకు గుమాస్తా చెప్పు పట్టీ సరిచేసుకున్నాడు. హెడ్మాస్టరు గారు నా చెవిలో, "మరి సైరన్ మోగలేదేమండీ, బ్యాటరీ అయిపోయిందా?" అన్నారు. అధ్యక్షుల వారు నవ్వుతూ లేచి, "ఆవిడకి ఒంట్లో బాగాలేదు" అంటూ వెళ్ళి ఆవిడ కట్టున్న చెయ్యి పట్టుకున్నారు. నా పన్ను పీకిన చెయ్యే. ఆవిడ మొహం ఎలా అయిందో చూశాను. ఇంతకాలం నా చుట్టూ ఉన్నదంతా ఒక్కసారి కళ్ళకి కట్టింది.

మీ వదిన పెట్టె పట్టుకుని లేచింది. నేనూ లేచాను. ఆయనకీ గేటుకీ మధ్య నిలబడ్డాను.

"కార్యదర్శి గారూ, ఇది మా ఇంటి విషయం" అన్నారు.

"ఆవిడ చెయ్యి వదలండి" అన్నాను.

"మీరు తప్పుకోండి."

"వదలండి ముందు."

గట్టిగానే అన్నట్టున్నాను. మిషన్ సైరన్ మోగించింది. ఆ గోలకి ఆయన ఉలిక్కిపడి చెయ్యి వదిలారు. గేటు దగ్గర దర్జీ ఆవిడ టాక్సీ తలుపు తెరిచి పట్టుకుని ఉంది. ఆవిడా మీ వదినా, టీచరుకి చెరోపక్కా ఎక్కి కూర్చున్నారు.

ఆవిడకి భోజనం పెట్టు. నన్ను తిట్టాలనుకుంటే మాత్రం తర్వాత తిట్టు.

అన్నయ్య


సెప్టెంబరు 10

అన్నయ్యా,

ముగ్గురూ క్షేమంగా చేరారు. టీచరు గారు రెండు రోజులు నిద్రపోయింది. నిన్న లేచి మా పక్కింటి అమ్మాయికి లెక్క చెప్పింది. చెయ్యి నేను మళ్ళీ సరిగ్గా అమర్చి కట్టాను. పాత విరుగుళ్ళు కూడా కనిపించాయి. అవన్నీ రిపోర్టులో రాశాను.

తిట్టడం లేదు. గేటు దగ్గర నువ్వు నిలబడ్డావని వదిన పదిసార్లు చెప్పింది.

ఫిర్యాదు ఇచ్చాం. ఆయన అంతా అబద్ధమంటున్నాడు. ఆ అలారాల రికార్డింగులు ఎక్కడైనా మిగిలాయా? లేకపోతే విన్నవాళ్ళు వచ్చి చెప్పాలి. నీ వల్ల ఏమవుతుందో చూడు.

చెల్లి


సెప్టెంబరు 18

చెల్లాయీ,

రికార్డింగులు ఒక్కటీ మిగల్లేదు. ఏ పనీ సగం చెయ్యడం నాకు చేతకాదు కదా, చెరపడం కూడా పూర్తిగా చెరిపాను.

అందుకని ఇల్లిల్లూ తిరిగాను. హెడ్మాస్టరు గారు, "మేం మిషన్‌ని నమ్ముకున్నామండీ, విడిగా వినలేదు" అన్నారు. బ్యాంకు గుమాస్తాకి బదిలీ అయ్యేలా ఉందట, సాక్ష్యాలు కుదరవట. సమితి కొత్త తీర్మానం చేసింది. మెల్లిగా మాట్లాడే బాధితులని కూడా గుర్తుపట్టేలా మిషన్‌ని ఆధునికీకరించాలని! కార్యదర్శి పదవికి రాజీనామా వాళ్ళ మొహానే కొట్టి వచ్చాను. చివరికి బార్బరు ఒక్కడు షాపు మూసి నా వెంట వచ్చాడు. "ఆవిడ కేకలు రోజూ వినేవాణ్ణి సార్, రేడియో పెంచుకునేవాణ్ణి" అన్నాడు దారిలో. ఇద్దరం పోలీస్ స్టేషన్ మెట్లెక్కాం.

ఇన్స్‌పెక్టరు చిన్నవాడు, ఓపికగా రాసుకున్నాడు. మైకులెక్కడ పెట్టాం, ఎలా పనిచేస్తాయి, అన్నీ అడిగాడు. రోజు విడిచి రోజు మోగిన అలారం ఎప్పుడు మొదలైందన్నాడు. జూలైలో అన్నాను. ఎవరింటి ముందు అన్నాడు. చెప్పాను. లోపల ఎవరో బాధలో ఉన్నారని మీ మిషన్ చెప్పినట్టే కదా అన్నాడు. అవునన్నాను.

"మరి మీరేం చేశారు?" అన్నాడు.

"మిషన్‌ని బాగుచేశామండీ" అన్నాను.

అతను తలెత్తి నన్ను చూశాడు. మళ్ళీ తలొంచుకుని, ఆ మాట ఉన్నదున్నట్టు రాశాడు. చదివి చూసుకోమని కాగితం నా వైపు తిప్పాడు. చదివాను. కింద సంతకం పెట్టాను.

అన్నయ్య